కాంటా ఎక్కని గంటలు

దిల్‌సుఖ్‌నగర్‌లో గోడలకు సున్నం కనబడక చాలా ఏళ్ళయింది. మెట్రో స్తంభాల దగ్గర్నుంచి హాస్టల్ సందుల దాకా అన్నీ మొహాలే. ఐఐటీ ర్యాంకు మొహాలు, బ్యాంకు ఉద్యోగం మొహాలు, కానిస్టేబులు మొహాలు. ఒకే పిల్లవాడు నాలుగు కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద నాలుగు రంగుల చొక్కాల్లో నవ్వుతుంటాడు. నిజంగా ఎవరి దగ్గర చదివాడో కన్నతల్లికైనా తెలుసో లేదో. గురువారం మధ్యాహ్నం బస్సు దిగిన రాణికి ఆ మొహాల మధ్య తన మొహం కనిపించింది.

తెల్లచొక్కా, నెత్తిన టోపీ, భుజాల మీద నాలుగేసి బంగారు చారలు. నాలుగు చారలంటే కెప్టెన్. స్టూడియోలో ఫొటో దిగిన రోజే "సార్, నాకింక ఒక్క చార కూడా రాలేదు" అని గొణిగింది. "ఫొటోకి నాలుగుంటేనే నిండుగా ఉంటుందమ్మా" అని కోచింగ్ సెంటర్ నడిపే చక్రపాణి సార్ నవ్వేశాడు. ఇప్పుడా ఫొటో కింద ఎర్రటి అక్షరాలు: "మా రాణి, కమర్షియల్ పైలట్, 200 గంటలు."

రాణి ఎగిరినవి నూట యాభై ఎనిమిది గంటల నలభై నిమిషాలు. లైసెన్సుకు రెండు వందలు కావాలి. మిగిలిన నలభై ఒక గంట ఇరవై నిమిషాల కోసం నాలుగు నెలలుగా బడంగ్‌పేట్‌లో ఇంట్లో కూర్చుంది. సార్ చేర్పించిన ఫ్లయింగ్ స్కూలుకు విమానాలు కాగితం మీద అయిదు. ఒకదాని ఇంజను విప్పి రెండోదానికి బిగించారు. రెండోది కూడా లేవలేదు. మూడోదాని రెక్క సందులో పిచ్చుకలు కాపురం పెట్టాయి. నాలుగోదాన్ని రిపేరుకని తీసుకెళ్ళినవాళ్ళు మళ్ళీ కనబడలేదు. ఎగిరేది ఒక్కటి, ఎగరాల్సిన పిల్లలు ముప్ఫైమంది. నేర్పే మాస్టార్లేమో ఒక్కొక్కరే పెద్ద కంపెనీల్లో చేరిపోయారు. "మీ వంతు వచ్చినప్పుడు ఫోన్ చేస్తాం" అన్న మాట ఒక్కటే మిగిలింది.

ఫోన్ రానే వచ్చింది. అయితే స్కూలు నుంచి కాదు. "నీ లాగ్‌బుక్కు నా దగ్గరికొచ్చిందమ్మా, ఒకసారి రా" అన్నాడు చక్రపాణి సార్.

మూడో అంతస్తులో క్లాసు జరుగుతోంది. చక్రపాణి వాయుసేనలో దారులు లెక్కగట్టడం నేర్పి రిటైరైన మనిషి. భీమవరం నుంచి వచ్చి పాతికేళ్ళయినా ఆ యాస ఆయన్ని వదల్లేదు, ఆయనా దాన్ని వదల్లేదు. బోర్డు మీద గాలి దిక్కుకు బాణం గీసి పిల్లల వైపు తిరిగాడు. "గాలి పక్కనుంచి తోస్తోంది. నువ్వు ముక్కు సూటిగా పెట్టుకుని పోయావనుకో, ఎక్కడ తేలతావు? ఊరు తప్పి ఎక్కడో తేలతావు. ముక్కు కాస్త గాలికి ఎదురు తిప్పుకోవాలి. అప్పుడే దారి సూటిగా ఉంటుంది."

రాణి తలుపు దగ్గర నిలబడి వింది. ఈ పాఠం మొదటిసారి విన్న రోజు ఇంటికెళ్ళి, వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో బాణాలు గీసి, తల్లి చేత తిట్లు తింది. సార్ చెప్పినవన్నీ ఆమెకు కంఠతా వచ్చు. మ్యాపు మీద పెన్సిలు, లాగ్‌బుక్కులో పెన్ను. మ్యాపు మీద తప్పు చెరుపుకోవచ్చు, లాగ్‌బుక్కులో రాసినదానికి నీ ప్రాణమే పూచీ. తప్పు పడితే నల్లగా కొట్టెయ్యకూడదు. స్కేలు పెట్టి ఒక్క గీత. కింద తప్పు కనబడుతూనే ఉండాలి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి.

క్లాసు అయ్యాక సార్ ఆమెను తన గదిలోకి తీసుకెళ్ళి, ఎగిరిన ప్రతి గంటా రాసుకునే నీలం అట్ట పొడుగు పుస్తకం చేతిలో పెట్టాడు. రాణి చేతులు చున్నీకి తుడుచుకుని అందుకుంది. జులై దాకా ఆమె రాత. ప్రతి పేజీ అడుగున స్కూలు ముద్ర, చీఫ్ మాస్టారి సంతకం. పేజీ తిప్పింది. ఆగస్టు మొదలైంది. ఆ రాత ఆమెది కాదు. తేదీ, విమానం నెంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంతసేపు అన్నీ ఉన్నాయి. రెండు పేజీలు, ముత్యాల్లాంటి అక్షరాలు. ఆఖరి గడిలో మొత్తం 200 గంటల 00 నిమిషాలు. పైలట్ సంతకం చేసే చోటు మాత్రం ఖాళీగా ఉంది.

"సార్, ఆగస్టుల నేను ఇంట్ల ఉన్న."

"తెలుసమ్మా."

"విమానం కూడా లేదు సార్. ఇంజను కింద పెట్టిన్రు."

"అదీ తెలుసు." చక్రపాణి కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడవడానికి అంత మురికేమీ లేదు. "ఆ విమానాలు ఇంక లేవవు రాణీ. నీ నలభై ఒక్క గంటలు నేనెక్కణ్ణుంచి తేను? సోమవారం మీ తొమ్మిదిమంది పుస్తకాలు లైసెన్సుకి వెళ్తున్నాయి. ఎనిమిదిమంది సంతకాలు చేసేశారు. నలుగురితో పాటు నారాయణా అనాలి."

"చెయ్యకపోతే?"

"చెయ్యకపోతే స్కూలు వాళ్ళు నువ్వు నిజంగా ఎగిరిన నూట యాభై ఎనిమిదికి కూడా కాగితం ఇవ్వరు. ఇంకో స్కూలుకెళ్తే మళ్ళీ సున్నా నుంచి మొదలు. నీ ఒక్కదాని పుస్తకం వెనకబడితే మిగతా ఎనిమిదిమందినీ ఎందుకని అడుగుతారు." కళ్ళద్దాలు పెట్టుకుని, జేబులోంచి తన పెన్ను తీసి పుస్తకం మీద పెట్టాడు. "ఆదివారం ఇక్కడ సెమినారుంది. కొత్త పిల్లల తల్లిదండ్రులొస్తారు. నువ్వు యూనిఫారం వేసుకుని స్టేజీ మీద కూర్చోవాలి. నాన్నగారినీ తీసుకురా. ఆయన్ని చూస్తే అందరికీ ధైర్యం వస్తుంది."

"ఆదివారం చెప్తా సార్" అంది రాణి. పుస్తకం సంచిలో పెట్టుకుంది. పెన్ను అక్కడే వదిలేసింది.

మెట్రోలో మూల సీటు దొరికింది. చైతన్యపురి దాటాక ఆగలేక పుస్తకం తెరిచింది. ఒక్కొక్క వరుసే చూస్తుంటే చిత్రమైన సంగతి బయటపడింది. లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయి. పోయేటప్పుడు ఎదురుగాలికి పట్టే సమయం ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ, ఆగస్టులో గాలి వీచే దిక్కుకు తగ్గట్టు. ఎగరని విమానానికి ఎవరో కూర్చుని గాలి లెక్క కట్టారు. అబద్ధాన్ని కూడా ఇంత శ్రద్ధగా కట్టే మనిషి ఎవరా అనుకుంటుండగా, పదిహేడో తేదీలోని ఏడు అంకె మీద ఆమె వేలు ఆగింది.

ఏడుకు నడుము దగ్గర అడ్డగీత ఉంది.

పైన చూసింది, కింద చూసింది. ప్రతి ఏడుకూ అదే గీత. "కుదుపుల్లో చదివేటప్పుడు ఒకటికీ ఏడుకూ తేడా తెలియకపోతే ప్రాణాలు పోతాయి. నా శిష్యుల ఏడుకి మొలతాడుండాలి" అని మొదటి రోజే నవ్వించి నేర్పిన గీత. రాణి ఏడుకూ ఉంది ఆ గీత. కాకపోతే సార్ గీత ఎడమ పక్క కొంచెం పైకి లేచి ఉంటుంది, ఇందులో లేచినట్టే.

స్కూలు వాళ్ళు రాయలేదు. సారే రాశాడు. తొమ్మిదిమందికీ ఆయనే కూర్చుని రాశాడు. కంచే చేను మేసింది. ఎల్బీనగర్ చివరి స్టేషను, అందరూ దిగాలని మైకు చెప్పింది. అందరూ దిగారు. రాణి మాత్రం ఊడ్చే ఆమె వచ్చి భుజం తట్టేదాకా అలాగే కూర్చుంది.

*

రాణి తండ్రి బిక్షమయ్య ఎల్బీనగర్ చౌరస్తాకు కాస్త ఇవతల, బడంగ్‌పేట్ వైపు పోయే రోడ్డు మీద బండి పెడతాడు. అక్కడ పండ్ల బండ్లు డజను పైనే ఉంటాయి. ఆయన బండి దగ్గర మాత్రం ఎలక్ట్రానిక్ కాంటా పక్కన ఒక ఇనప కిలోరాయి ఉంటుంది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఊళ్ళో ఉన్నన్ని రోజులూ ఆయన కాంటా బిక్షమయ్య. ఇరవై ఆరేళ్ళు లారీల బత్తాయి, మామిడి తూచాడు. మార్కెట్ ఊరవతలికి పోయినప్పుడు కొత్త చోట కంప్యూటరు కాంటాలు వచ్చాయి, బిక్షమయ్య రాలేదు. ఆ కిలోరాయి ఒకటి వెంట తెచ్చుకున్నాడు. పొద్దున మొదటి బేరానికి ముందు దాన్ని కాంటా మీద పెట్టి, "సూడమ్మా, కిలో అంటే కిలో" అని చూపించందే పండు ముట్టుకోడు.

ఆయనకు మార్కెట్ అలవాట్లు ఇంకో రెండు మిగిలాయి. ముల్లు పూర్తిగా నిలబడేదాకా ఊపిరి బిగబట్టడం ఒకటి. ఇప్పుడు ముల్లు లేదు, అంకెలే. అయినా ఆ అంకె కదలకుండా నిలబడేదాకా ఆయన ఊపిరి వదలడు. రెండోది, తూకం కేకేసి చెప్పడం. మార్కెట్లో కొన్నవాడికీ అమ్మినవాడికీ ఒక్కసారే వినబడాలని తూచినవాడు యార్డంతా దద్దరిల్లేలా చెప్పేవాడు. ఒకసారి కేకేసిన తూకాన్ని మళ్ళీ ఎవడూ తగ్గించలేడు. ఇప్పుడు అరకిలో సీతాఫలాలు తూచినా "అరకిలోవ్!" అని అరుస్తాడు. కాలేజీ పిల్లలు ఉలిక్కిపడి నవ్వుతారు.

శుక్రవారం పదకొండింటికి రాణి బండి దగ్గరికి వచ్చింది. రాత్రంతా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చేసింది. నాన్నకు చెప్తే చాలు. గురువు మోసం చేస్తే చేశాడు, నాన్న ఉన్నాడు. సార్ చెప్పినవి శ్రీరంగనీతులైతే కావచ్చు, నాన్నవి కావు. ఆ ధైర్యంతోనే పొద్దున చద్దన్నం కూడా ఆకలిగా తింది.

బిక్షమయ్య మెత్తబడ్డ సీతాఫలాలు ఏరి పక్కన పెడుతున్నాడు. రాణి ఆయన పక్కన బుట్ట బోర్లించుకుని కూర్చుని, తనూ ఏరడం మొదలుపెట్టింది.

"నాయినా, ఒక మాట అడగాలె."

"అడుగు బిడ్డా."

"కాంటా మీద పెట్టకుండ తూకం చీటి రాస్తే ఏమంటరు?"

"దొంగ చీటి అంటరు. ఎవడు రాసిండు?"

రాణి పుస్తకం తీసి చూపించింది. బిక్షమయ్యకు ఇంగ్లీషు రాదు గాని అంకెలు ఎవరికీ తీసిపోనంత వచ్చు. ఆమె వేలు పెట్టి చూపిస్తూ పోయింది. ఇక్కడి దాకా నేను నడిపినవి. నూట యాభై ఎనిమిది గంటల నలభై నిమిషాలు. ఇక్కడి నుంచి కాంటా ఎక్కనివి. నలభై ఒక గంట ఇరవై నిమిషాలు.

"గిది సూడు, ఆగస్టు పదిహేడు. మూడు గంటల యాభై నిమిషాలు. రెండూర్లల్ల దిగి తిరిగొచ్చిన్నంట."

"పదిహేడా?" బిక్షమయ్య నుదురు ముడిచాడు. "గా దినం గింత వాన కొట్టలేదూ? రోడ్డు మీద మోకాళ్ళ దాంక నీళ్ళు. బండి మీద కవరు పట్టుకోని నా ఎన్కనే నిలబడ్డవ్ గద నువ్వు."

"గదే నాయినా నేను చెప్పేది."

ఒకావిడ స్కూటీ ఆపి బత్తాయి కిలో అడిగింది. బిక్షమయ్య లేచి, ఎంచి, కాంటా మీద వేశాడు. అంకె తొమ్మిది వందల ఎనభై దగ్గర ఊగింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. ఇంకో చిన్న కాయ వేశాడు. "కిలో మీద ముప్పయ్!" అని కేకేసి కవర్లో పోశాడు. ఆమె వెళ్ళాక వచ్చి కూర్చున్నాడు.

"సంతకం పెట్టకపోతే ఏమైతది?" అన్నాడు.

రాణి సార్ చెప్పినదంతా చెప్పింది. ఎగిరినవాటికి కూడా కాగితం ఇవ్వరని, సున్నా నుంచి మొదలని. "మరి పెట్టాల్నా నాయినా? నువ్వు చెప్పు. నువ్వేం చెప్తె గదే చేస్త."

ఆయన చెప్పబోయేది ఆమెకు తెలుసు. అది ఆయన నోట వినడానికే వచ్చింది.

"పెట్టు" అన్నాడు బిక్షమయ్య.

ఊపిరి బిగబట్టలేదు. ముల్లు నిలబడే దాకా ఆగలేదు. అడిగిందే తడవుగా అనేశాడు.

"ఏంది నాయినా?"

"పెట్టు బిడ్డా. అందరు పెట్టిన్రు గద." ఆయన ఆమె వైపు చూడకుండా మంచి సీతాఫలాన్ని తీసి మెత్తబడ్డవాటిలో వేశాడు. "ఇరవై ఆరేండ్లు నేను సక్కగ తూచిన. ఏమొచ్చింది? మార్కెట్ లేసిపోయిననాడు బిక్షమయ్య యాడ అని ఒక్కడన్న అడిగిండా? దొంగ చీట్లు రాసినోళ్ళకు ఇయ్యాల కొత్త మార్కెట్ల సొంత షాపులున్నయి. ఊర్ల ఉన్న భూమి నీ చదువుకే పాయె. ఇంక సున్న కాడికెళ్ళి మొదలువెట్టే తాకత్ నాకు లేదు. నువ్వు పైలట్‌వైనవని బడంగ్‌పేట్ల కుక్కకు నక్కకు చెప్పుకున్న. పెట్టు."

"నా విమానం ఫస్టు నువ్వే ఎక్కుతనంటివి గద" అంది రాణి. "గీ సంతకం పెడితే ఎక్కుతవా?"

"ఎందుకెక్క? ఎక్కుత" అన్నాడు బిక్షమయ్య, ఇంకో మంచి పండు చెడ్డవాటిలో వేస్తూ.

రాణి ఆ పండు తీసి మళ్ళీ మంచివాటిలో పెట్టి లేచి వెళ్ళిపోయింది. సార్ మీద వచ్చింది కోపం. నాన్న మీద వచ్చింది కోపం కాదు. కాళ్ళ కింద నేల ఒక్క అంగుళం దిగినట్టయింది. ఆ అంగుళాన్ని తట్టుకోవడం ఎలాగో ఆమెకు తెలియలేదు.

*

శనివారం పొద్దున రాణి నిద్రలేచి చూస్తే లాగ్‌బుక్కు దేవుడి పటాల ముందుంది. తల్లి భూలక్ష్మి దానికి పసుపు రాసి, అట్ట మధ్యలో కుంకుమ బొట్టు పెట్టి, మీద రెండు బంతిపూలు ఉంచింది. "మీ నాయిన చెప్పిండు, సోమవారం లైసెన్సుకు పోతున్నదంట గద" అంది చేతులు తుడుచుకుంటూ. ఆ మొహంలో ఎంత వెలుగంటే, రాణి నోటిదాకా వచ్చిన మాటను నీళ్ళతో పాటు మింగేసింది.

తండ్రి ఇంట్లోనే ఉన్నాడు. శనివారం బండి మానడు, అలాంటిది మానేశాడు. రాణి యూనిఫారం తెల్లచొక్కా తానే ఇస్త్రీ చేస్తానని కూర్చుని, కాలరు దగ్గర మొదలుపెట్టి చేతుల మడతల దాకా, నీళ్ళు చిలకరించి, ఒక్క ముడత లేకుండా చేశాడు. తండ్రీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మధ్యాహ్నం అభిరామ్ ఫోన్ చేశాడు, రాణి బ్యాచ్ అబ్బాయే. "రాణీ, నీ ఒక్కదానివల్ల మా అందరిదీ ఆగిపోతుందంటున్నారు. ప్లీజ్, ఊరంతా ఒక దారి అయితే నీదొక దారి చెయ్యకు. మా అమ్మ ఇప్పటికే బంధువులందరికీ చెప్పేసింది." అతనికి నూట ఇరవై గంటలే అయ్యాయని రాణికి తెలుసు. "భయం లేదా అభీ?" అని అడిగింది. "ఉంది" అన్నాడు అభిరామ్. "అయినా పెట్టేశా."

ఆ సాయంత్రానికి రాణి అలిసిపోయింది. నిజం చెప్పాలంటే లొంగిపోయింది. గురువు పెట్టమన్నాడు, తోటివాళ్ళు పెట్టమన్నారు, చివరికి తూకంలో వెంట్రుకంత తేడా రానివ్వని మనిషే పెట్టమన్నాడు. ఇంతమంది ఒకటంటే ఇరవై రెండేళ్ళ పిల్ల ఇంకోటి ఎంతకాలం అనగలదు? కుంకుమ బొట్టు చెదరకుండా పుస్తకాన్ని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

*

ఆదివారం పదింటికి సెమినారు. హాల్లో వంద కుర్చీలు, స్టేజీ వెనక రాణి మొహంతో ఇంకో పెద్ద ఫ్లెక్సీ. చక్రపాణి సార్ కోటు వేసుకుని గుమ్మం దగ్గరే ఎదురొచ్చాడు. బిక్షమయ్యకు రెండు చేతులా దణ్ణం పెట్టి, "రండి రండి, మీరు ముందు వరసలో కూర్చోవాలండీ" అని తానే తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. తర్వాత రాణిని గదిలోకి పిలిచాడు.

రాణి పుస్తకం బల్ల మీద తెరిచింది. సార్ అదే పెన్ను ఇచ్చాడు.

"ఏడులు మీవే కద సార్" అంది రాణి.

చక్రపాణి బుకాయించలేదు. "వాళ్ళు రాస్తే గాలి లెక్క తప్పుగా రాస్తారమ్మా" అన్నాడు నెమ్మదిగా. "తప్పు లెక్క మీద నా పిల్లల సంతకాలుండటం చూడలేకపోయాను."

ఆ మాట ఆయన సిగ్గుతో అన్నాడో గర్వంతో అన్నాడో రాణికి ఇప్పటికీ తెలియదు. సంతకం పెట్టింది. రెండు పేజీలకూ రెండు సంతకాలు. సిరా ఆరేదాకా సార్ పుస్తకం మీద మెల్లగా ఊదాడు. "సెమినారయ్యాక తీసుకుంటాను, ఉంచు" అని స్టేజీ వైపు పరుగెత్తాడు.

రాణి హాల్లోకి వచ్చి తండ్రి వెనక వరసలో కూర్చుంది. పిలిచినప్పుడు స్టేజీ ఎక్కాలి. మైకు సరిచేస్తూ ఎవరో హలో హలో అంటున్నారు. తండ్రి పక్క కుర్చీలో నలభై అయిదేళ్ళ మనిషి ఒకామె కూర్చుని ఉంది, ఆమె పక్కన రెండు జడల కూతురు. హయత్‌నగర్‌లో బట్టలు కుడుతుందట, పేరు అండాలమ్మట. ఈపాటికే బిక్షమయ్యకు తన కథంతా చెప్పేసింది. చేతిలో దరఖాస్తు ఉంది, అన్నీ నింపి సంతకం ఒక్కటే పెట్టలేదు. సూది గుచ్చుకుని గరుకెక్కిన వేళ్ళతో దాన్ని సాపు చేస్తోంది.

"అన్నా, గా ఫొటోల ఉన్నది మీ బిడ్డేనట గద."

"ఆ, మా బిడ్డే."

"మస్తు సంతోషమన్నా." ఆమె గొంతు తగ్గించింది. "నాకు సదువు రాదు. ఈళ్ళు చెప్పేది నాకు అర్థం గాదు. నీ మొఖం సూస్తే మనసొంటోనివి అనిపిస్తున్నది, గందుకే అడుగుతున్న. నిజం జెప్పు. మీ బిడ్డ గా రెండొందల గంటలు నిజంగ తోలిందా?"

వెనక కూర్చున్న రాణికి బిక్షమయ్య వీపు మాత్రం కనబడుతోంది. భుజాలు పైకి లేచి అలాగే నిలబడ్డాయి. ఆయన ఊపిరి బిగబట్టాడు. అండాలమ్మ ఎదురు చూసింది. పక్కన రెండు జడల పిల్ల కూడా ముందుకు వంగి చూసింది. ఒక నిమిషం పట్టిందో అర నిమిషమే పట్టిందో, ఆ భుజాలు దిగాయి.

"నూటా యాబై ఎనిమిది!" అన్నాడు బిక్షమయ్య. మార్కెట్ గొంతు అది. దానికి మెల్లగా మాట్లాడటం రాదు. "నూటా యాబై ఎనిమిది గంటలా నలబై నిముషాలూ! మిగిలినయి కాంటా ఎక్కలే!"

హలో హలో ఆగిపోయింది. వెనక వరసల్లోవాళ్ళు మెడలు చాచి చూశారు. చక్రపాణి స్టేజీ మీద మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అండాలమ్మ చేతిలో కాగితాన్ని చూసింది, తలెత్తి ఫ్లెక్సీని చూసింది, మళ్ళీ బిక్షమయ్యను చూసింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కుర్చీలో ఉంచి, "సల్లగుండు అన్నా" అని కూతురి చెయ్యి పట్టుకుని లేచింది. ఆమె వెనక ఇంకో కుటుంబం లేచింది.

రాణి అప్పటికే బయటికి వెళ్ళిపోయింది.

రెండో అంతస్తు మెట్ల మీద బిక్షమయ్య ఆమెను అందుకున్నాడు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. భుజాల మీది చారలు ఊడదీసి పక్కన పెట్టింది. ఆయన రెండు మెట్లు కింద నిలబడ్డాడు, ఆమె మొహానికి తన మొహం ఎదురుగా వచ్చేలా.

"ఇప్పుడే పెట్టొచ్చిన సంతకం" అంది రాణి. "నువ్వు పెట్టుమన్నవనే పెట్టిన."

"బిడ్డా..."

"నాకొక మాట, ఆమెకొక మాటనా నాయినా?"

"ఆమె అడిగింది బిడ్డా." బిక్షమయ్య అరచేతులు రెండూ చాపాడు, ఖాళీ తక్కెడ పళ్ళాల్లా. "నమ్మి అడిగింది. అడిగినంక తక్కువ తూచుడు నాతోని గాలే."

"నేను గూడ అడిగిన గద" అంది రాణి. "శుక్రవారం బండికాడ గూసోని, నమ్మే అడిగిన. మరి నాకెందుకు తక్కువ తూచినవ్?"

బిక్షమయ్య చాపిన చేతులు మెల్లగా పక్కలకు పడిపోయాయి. ఇరవై ఆరేళ్ళలో ఆయన్ని ఎవరూ ఆ మాట అనలేదు. అనే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు, కన్నకూతురికి తప్ప.

పైనుంచి చక్రపాణి గొంతు వినబడుతోంది, ఎవరికో సర్దిచెబుతున్నాడు. రాణి సంచిలోంచి పుస్తకం తీసింది. కుంకుమ బొట్టు కాస్త చెదిరింది. ఆగస్టు పేజీ తెరిచి మోకాళ్ళ మీద పెట్టుకుని, స్కేలు, తన పెన్ను తీసింది. మొదటి వరస మీద స్కేలు ఆనించి ఒక్క గీత గీసింది. కింద రాత కనబడుతూనే ఉంది. పక్కన పొట్టి సంతకం పెట్టింది. రెండో వరస. మూడో వరస. ప్రతి గీతతోనూ ఆ స్కూలు తన కాగితాన్ని ఇంకో అడుగు దూరం లాక్కుంటోందని ఆమెకు తెలుసు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నా, సిరా తడవకుండా మొహం పక్కకు పెట్టుకుని గీసింది. పదిహేడో తేదీ దగ్గర ఆగలేదు. మొలతాడున్న ఏడుల మీదుగా గీసుకుంటూ పోయింది.

మెట్ల కిటికీలోంచి గాలి కొట్టి పేజీ లేచింది. బిక్షమయ్య పైమెట్టు మీదికి వచ్చి, వంగి, బరువైన అరచెయ్యి పేజీ మూల మీద పెట్టి నొక్కిపట్టాడు. రాణి ఆ చేతిని చూసింది. తియ్యమనలేదు, ఆయన మొహంలోకీ చూడలేదు.

ఆఖరి గడిలో రెండు వందల మీద కూడా గీత గీసి, కింద అసలు అంకె వేసింది. పెన్ను మూత పెట్టింది.

"ఎంతైంది బిడ్డా?" అన్నాడు బిక్షమయ్య, ఎవరికీ వినబడనంత మెల్లగా.

"నువ్వే కేకేసినవ్ గద" అంది రాణి. పుస్తకం మూసి, ఆయన చెయ్యి కింది నుంచి లాక్కుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.